డీజిల్ బండిలో రెండో పొయ్యి



చాంపియన్ రీఫ్స్‌లో కూర్చుని హీటర్ చరిత్ర రాస్తారా అని నవ్వేవాళ్లు నవ్వొచ్చు. మన డిసెంబరు చలి ఎంతని? తెల్లవారుజామున బంగారుపేట రైలుకు పోయేటప్పుడు మంకీ క్యాప్ పెట్టుకునేంత. బండి స్టార్ట్ కాకుండా మొరాయించే చలి మన ఊరు ఎరగదు. కానీ మన సభ్యుల ఇళ్లలో లడఖ్‌లో సైన్యం బండ్లు తోలినవాళ్లు ఉన్నారు, బెమెల్‌లో ఉద్యోగం చేసి రిటైరైనవాళ్లు ఉన్నారు, ఇప్పుడు కెనడాలో స్టీరింగ్ పట్టిన పిల్లలూ ఉన్నారు. ఆ పిల్లలు ఫోన్ చేసి "పాత డీజిల్ పికప్‌కు హీటర్ బిగిస్తున్నాం, డీజిల్‌తోనే మండుతుంది" అంటే ఇక్కడ అమ్మానాన్నలకు గుండె దడ. బండి లోపల మంటేమిటి అని. దడ పడాల్సిన చోటు నిజంగానే ఒకటుంది, అయితే అది వాళ్లనుకునే చోటు కాదు. అక్కడికి పోవాలంటే ముందు మన గనిలోకి దిగాలి.

చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల పైన లోతుకు పోయింది. ఒకప్పుడు ప్రపంచంలోని అతి లోతైన గనుల్లో దాని పేరు చెప్పేవారు. అడుగున రాయి వేడి 60 డిగ్రీలు దాటేది. రాయి వేడి సంగతి అందరికీ తెలుసు. తెలియనిది గాలి సంగతి. పైనుంచి చల్లని గాలిని షాఫ్ట్‌లోకి వదిలితే అది చల్లగానే కిందికి చేరదు. దిగేకొద్దీ పైనున్న గాలి బరువు దాన్ని నొక్కుతుంది. నొక్కుడు పడిన గాలి వేడెక్కుతుంది. తేమ లేని గాలైతే 100 మీటర్లు దిగితే ఇంచుమించు ఒక డిగ్రీ. అంటే రాయి తాకకముందే, మనిషి చెమట కలవకముందే, మూడు కిలోమీటర్లు దిగేసరికి ముప్పై డిగ్రీల దాకా పెరగగలదు. సైకిల్ పంపు కొట్టేటప్పుడు దాని మూతి దగ్గర చెయ్యి పెడితే కాలుతుంది చూడండి, అదే ఇది. అందుకే మన గనుల్లో ఫ్యాన్లు పెట్టి గాలి తోలితే చాలలేదు. గాలిని పైనే చల్లబరిచి పంపే యంత్రాలు పెట్టాల్సి వచ్చింది. వాటికీ, కేజ్‌కూ, పంపులకూ అంతటికీ కరెంటు కావాలి. ఆ కరెంటు 1902 జూన్ 30న కావేరి మీది శివసముద్రం నుంచి 147 కిలోమీటర్ల తీగ మీద వచ్చింది. దివాన్ శేషాద్రి అయ్యర్ కాలంలో మొదలైన పని అది, అప్పటికి ప్రపంచంలోనే పొడవైన లైన్లలో ఒకటి. అంతకుముందు మిల్లులూ వైండింగ్ యంత్రాలూ బాయిలర్ల ఆవిరి మీద నడిచేవి, కట్టెలు మింగేవి. ఒక్క తీగతో బాయిలర్ మంటలు వెనకబడ్డాయి. ఈ తీగ ముచ్చట మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

మన తాతలకు శత్రువైన ఆ నొక్కుడు వేడినే జర్మనీలో ఒకాయన పనికి పెట్టుకున్నాడు. రుడాల్ఫ్ డీజిల్. 1897లో ఆగ్స్‌బర్గ్‌లో నడిచి చూపించిన ఆయన ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ లేదు. పిస్టన్ గాలిని గట్టిగా నొక్కుతుంది. ఈనాటి డీజిల్ ఇంజన్లలో గాలిని పదహారు, పదిహేడో వంతుకు కుదించేస్తారు. దాంతో అది 500 డిగ్రీలు దాటుతుంది. అందులోకి ఇంధనం చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. మన షాఫ్ట్‌లో మూడు కిలోమీటర్ల దూరంలో మెల్లగా జరిగింది, సిలిండర్‌లో జానెడు దూరంలో రెప్పపాటులో జరుగుతుంది. అంతే తేడా.

ఇప్పుడు ఇదే ఇంజన్‌ను మైనస్ 25లో పెట్టండి. గాలి మొదలే గడ్డకట్టే చలిలో ఉంది. ఇనుము ఇంకా చల్లన. నొక్కితే పుట్టిన వేడిని సిలిండర్ గోడలు లాగేసుకుంటాయి. ఆయిలు బెల్లం పాకంలా చిక్కబడుతుంది. బ్యాటరీ బలం సగానికి పడిపోతుంది, ఇంజన్ నిదానంగా తిరుగుతుంది, నిదానంగా తిరిగితే నొక్కిన గాలి పక్కలనుంచి జారిపోతుంది. కష్టపడి స్టార్ట్ చేశారనుకోండి, క్యాబిన్ వెచ్చబడదు. పెట్రోలు బండికన్నా డీజిల్ ఇంధనాన్ని పొదుపుగా వాడుతుంది. మనకు మైలేజీగా కనబడేది చలిదేశంలో లోటుగా కనబడుతుంది, ఎందుకంటే క్యాబిన్‌కు వచ్చేది ఇంజన్ వృథా చేసిన వేడే. వృథా తక్కువైతే వెచ్చదనమూ తక్కువే. ఊరికే ఐడిల్‌లో పెడితే మరీ తక్కువ. పెద్ద ట్రక్కు రాత్రంతా ఇంజన్ ఆపకుండా ఉంచితే గంటకు మూడు లీటర్ల చొప్పున తాగుతుంది, ఇంజన్ లోపల మసి పేరుతుంది, డ్రైవర్ కాళ్లు మాత్రం వెచ్చబడవు.

అందుకే బండికి రెండో పొయ్యి పెట్టాలన్న ఆలోచన. ఇది 1930ల నాటిదే. అమెరికాలో స్టీవర్ట్ వార్నర్ కంపెనీ 'సౌత్ విండ్' పేరుతో పెట్రోలు మండించే హీటర్లు కార్లకు అమ్మింది. ఆ తరహా హీటర్లు రెండో ప్రపంచయుద్ధంలో విమానాలకెక్కాయి. జర్మనీలో ఎస్లింగెన్ ఊరివే రెండు పేర్లు: ఎబర్‌స్పేషర్, వెబాస్టో. వెబాస్టో అంటే ఏదో లాటిన్ మాట అనుకునేరు, విల్‌హెల్మ్ బాయర్ అనే మనిషి పేరులోంచీ, తర్వాత కంపెనీ మారిన స్టాక్‌డార్ఫ్ ఊరి పేరులోంచీ అక్షరాలు ఏరి కలిపిన పేరు అది. మన బీజీఎంఎల్, బెమెల్ లాంటిదే. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారుకు ఇలాంటి పెట్రోలు హీటర్ విడిగా బిగించేవారు. బీటిల్ ఇంజన్‌ను చల్లబరిచేది నీళ్లు కాదు, గాలి. రేడియేటర్ లేని బండికి క్యాబిన్‌లోకి పంపడానికి వేడి నీళ్లెక్కడివి?

అక్కడే మన కథ వచ్చి కలుస్తుంది. చెకోస్లొవేకియా టాట్రా కంపెనీ కూడా గాలితో చల్లబడే డీజిల్ ఇంజన్లనే నమ్ముకుంది. 1940ల్లోనే పన్నెండు సిలిండర్ల అలాంటి ఇంజన్ ట్రక్కుల్లో పెట్టింది. మంచుదేశంలో అది గొప్ప సుఖం, గడ్డకట్టడానికి నీళ్లే లేవు, పగలడానికి రేడియేటరే లేదు. కానీ డ్రైవర్‌కు వెచ్చదనం కోసం ఇంధనం మండించే వేరే హీటర్ తప్పనిసరి. 1986లో మన బెమెల్ టాట్రాతో ఒప్పందం చేసుకుని ఆ ట్రక్కులను మన సైన్యానికి అందించడం మొదలుపెట్టింది. ఇన్నేళ్లలో ఏడు వేలకు పైగా. క్షిపణులు మోసే బండిగా రిపబ్లిక్ డే పరేడ్‌లో అందరూ చూసినదే.

బెమెల్ 1964లో రక్షణ శాఖ కింద పుట్టిన కంపెనీ. గనులు తగ్గుముఖం పట్టిన ఊళ్లో దాని కార్ఖానా ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలిగించిందో బెమెల్ నగర్ వాళ్లకు చెప్పనక్కర్లేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక మరీను. అక్కడ తయారైన బుల్‌డోజర్లు సరిహద్దు రోడ్ల సంస్థ చేతికి పోయి హిమాలయాల్లో మంచు తోశాయి. తండ్రి గనిలో వేడికి చొక్కా విప్పేసి పనిచేశాడు, కొడుకు మంచు తోసే యంత్రం బిగించాడు. ఇద్దరూ రోజూ నడిచింది అదే సైనైడ్ దిబ్బల పక్కనే. మాకు ఇది చిన్న సంగతి అనిపించదు.

లడఖ్‌లో పాతకాలం డ్రైవర్లకు హీటర్ ఎక్కడిది? బండి కింద కట్టెలు రాజేసి, ట్యాంకునూ ఆయిల్ సంపునూ వెచ్చబెట్టేవారు. డీజిల్‌లో కిరోసిన్ కలిపేవారు. ఎందుకంటే డీజిల్‌లో మైనం ఉంటుంది; చలికి అది తెల్లగా పేరుకుని ఫిల్టర్‌ను మూసేస్తుంది. మన దేశపు మామూలు డీజిల్‌కు చలికాలంలో కూడా 3 డిగ్రీల దాకా పారితే చాలని ప్రమాణం. లేహ్‌లో ఆ 3 డిగ్రీలు పగటిపూట కూడా కరువే. మైనస్ 33లోనూ పారే ప్రత్యేక డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ లడఖ్‌కు పంపింది 2019 నవంబరులో. అంటే నిన్నగాక మొన్న. ఇది హీటర్ కొనేవాళ్లు మరిచిపోయే విషయం కూడా: హీటర్ తాగేదీ ఆ ట్యాంకులోని డీజిలే. డీజిల్ గడ్డకడితే ఇంజన్‌తోపాటు హీటరూ పస్తే.

పికప్ మాటకొస్తే, మన పొరుగు చిత్తూరు జిల్లా శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు డీ-మ్యాక్స్ డీజిల్ పికప్‌లు తయారవుతున్నాయి. (జిల్లాలు విడదీశాక శ్రీసిటీ తిరుపతి జిల్లాలోకి పోయింది. మన పెద్దల నోట మాత్రం ఇంకా చిత్తూరే.) టయోటా హైలక్స్ డీజిల్ పికప్‌లను ఎత్తుల్లోనూ గడ్డకట్టే చలిలోనూ పరీక్షించి 2023లో సైన్యపు ఉత్తర కమాండ్ తీసుకుంది. కెనడా పిల్లల చేతుల్లో ఉన్నవి ఇంకా పెద్ద పికప్‌లు. అక్కడ ఇళ్ల ముందు, పార్కింగుల్లో కరెంటు ప్లగ్గులుంటాయి. రాత్రి ఇంజన్‌కు తీగ తగిలించి వెచ్చగా ఉంచుతారు. ప్లగ్ ఉన్నచోట అదే మేలు. శివసముద్రం తీగ మన బాయిలర్లకు చేసిన పనే అది. తీగ చేరని అడవి పనులకు, హైవే రాత్రులకు మాత్రం సొంత పొయ్యి కావాలి.

ఇక బిగించడం. ఇందులో రెండు రకాలు. ఒకటి క్యాబిన్ గాలిని నేరుగా వేడి చేసేది, రెండోది ఇంజన్‌లో తిరిగే కూలెంట్‌ను వేడి చేసేది. రెండో రకం ఇంజన్‌నూ వెచ్చబెడుతుంది, స్టార్టింగ్ కష్టం తీరుస్తుంది. రాత్రి పడుకోవడానికైతే మొదటి రకం చాలు. లీటరు డీజిల్‌లో దాదాపు 10 యూనిట్ల వేడి ఉంటుంది కాబట్టి 2 కిలోవాట్ల హీటర్ పూర్తి వేగంతో నడిచినా గంటకు పావు లీటరే. ఐడిల్‌లో పోయే లీటర్లతో పోల్చుకోండి. లోపల ఉన్నది మన బత్తీ స్టవ్‌కు చదువుకున్న తమ్ముడు: టిక్ టిక్ మంటూ చుక్కల లెక్కన డీజిల్ పంపే పంపు, అంటించే గ్లో ప్లగ్, ఇనుప గది, ఫ్యాను. మంట ఆ గది లోపలే ఉంటుంది. దానికి కావలసిన గాలి బయటనుంచి ఒక గొట్టంలో వస్తుంది, పొగ ఇంకో గొట్టంలో బయటికే పోతుంది. క్యాబిన్ గాలి ఆ గది వెలుపలి రెక్కలను తాకి వెచ్చబడి వస్తుంది. మంట గాలీ మనిషి గాలీ ఎక్కడా కలవకూడదు. యంత్రం మొత్తం ఈ ఒక్క నియమం మీద కట్టినదే.

గుండె దడ పడాల్సిన చోటు ఇదే. మంట కాదు, పొగ. గనిలో పేలుడు అయ్యాక పొగ పోయేదాకా లోపలికి ఎవరినీ పంపరు. ఆ పొగలో ఉండేదే ఈ పొగలోనూ ఉంటుంది: కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మగత, ఆ తర్వాత మెలకువ రాదు. గనిలో కాపలాకు షిఫ్ట్ బాస్ ఉండేవాడు. పికప్‌లో ఒంటరిగా నిద్రపోయేవాడికి ఎవరూ లేరు. కాబట్టి పొగ గొట్టం మూతి క్యాబిన్ కింద ఆగకూడదు, తలుపు సందుల నుంచీ గాలి లోపలికి తీసుకునే చోటు నుంచీ దూరంగా బండి పక్కకు పోవాలి. గొట్టం అతుకుల దగ్గర క్లాంపు గట్టిగా ఉండాలి. మంచు కురిసే రాత్రి మూతి పూడిపోకుండా చూసుకోవాలి. మూసిన గ్యారేజీలో వెలిగించకూడదు. క్యాబిన్‌లో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి తప్పకుండా పెట్టుకోవాలి. మన పిల్లలు ఫోన్ చేసినప్పుడు "అన్నం తిన్నావా" తర్వాత అడగాల్సిన ప్రశ్న "అలారం పెట్టావా" అన్నదే.

మిగతావి చిన్నవి. డీజిల్ కోసం ట్యాంకులోకి విడిగా సన్న గొట్టం దించడం మేలు, ఇంజన్ గొట్టాన్ని కోసి అతకడం కన్నా. పంపును దాని బయటికి పంపే మూతి పైకి ఉండేలా ఏటవాలుగా బిగించాలి, లేకపోతే గాలి బుడగలు చిక్కుకుంటాయి. కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి, మందపాటి తీగతో, మధ్యలో ఫ్యూజుతో. ఆపేటప్పుడు మెయిన్ తీగ పీకేయకూడదు. స్విచ్ ఆపాక ఫ్యాను కొన్ని నిమిషాలు తిరిగి లోపలి గదిని చల్లార్చుకుంటుంది, అంతవరకు ఆగాలి.

లడఖ్‌లో ఇంకో చిక్కు. లేహ్ 3,500 మీటర్ల ఎత్తు, గాలి సముద్రమట్టంలో ఉన్నదానికి మూడింట రెండొంతులే. ఖర్దుంగ్ లా దగ్గర సగం. పంపు మాత్రం కింద పంపినన్ని చుక్కలే పంపుతుంది. గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ అయ్యేసరికి మంట నల్లబడి మసి పడుతుంది, నాలుగు రోజులకు హీటర్ ఆరిపోతుంది. గాలి ఒత్తిడి చూసి చుక్కలు తగ్గించే ఏర్పాటు ఉన్న హీటరే అక్కడ నిలుస్తుంది. మన గనిలో గాలి చిక్కబడి వేడెక్కి బాధపెట్టింది, అక్కడ పలచబడి మంటనే ఆర్పుతుంది.

మసి సంగతి వచ్చింది కాబట్టి ఒక్క మాట. ఏప్రిల్ రాగానే హీటర్‌ను మరిచిపోవద్దని పిల్లలకు చెప్పండి. ఎండాకాలంలో కూడా నెలకోసారి పది నిమిషాలు పూర్తి వేగంతో నడపాలి. గొట్టంలో పాత డీజిల్ జిగురు కట్టదు, లోపలి మసి కాలిపోతుంది. లేదంటే మొదటి మంచు పడిన రోజు స్విచ్ వేస్తే టిక్ టిక్ వినబడుతుంది, వెచ్చదనం రాదు.