చుక్కను కనిపెట్టి యుండుట

1866 ప్రాంతమున అమెరికాలోని నాష్‌విల్ పట్టణములో ఒక ఫొటో స్టూడియో మేడపైన తొమ్మిదేండ్ల బాలుడొకడు పగలెల్ల ఒకే పని చేయుచుండెను. ఎండ వెలుతురుతో పటములను పెద్దవి చేయు యంత్రమొకటి అచ్చట నుండెడిది. సూర్యుడు జరిగిన కొలదిని దానిని చేతితో త్రిప్పుచు, ఎండ సరిగా కటకముపైననే పడునట్లు చూచుట వాని ఉద్యోగము. అంతకుముందు ఆ పనికి కుదిరిన పిల్లలు కునికిపాట్లు పడిరట. తండ్రిలేని ఈ పేదబాలుడు నిద్రపోలేదు. పాలపుంత ఛాయాచిత్రములకు పేరుగాంచిన ఎడ్వర్డ్ ఎమర్సన్ బర్నార్డ్ (1857–1923) ఇతడే.

నక్షత్రముల పటము తీయువానికి కలిగెడి చిక్కు కూడ ఇట్టిదే. భూభ్రమణము వలన ఆకాశము సెకండునకు 15 వికలల చొప్పున పడమరకు జరుగునట్లు కనబడును. వికల యనగా డిగ్రీలో 3600వ భాగము. దూరదర్శినిని గడియార యంత్రముతో ఆ వేగముననే త్రిప్పవచ్చును. కాని పండ్లచక్రములను ఎంత నేర్పుతో కోసినను కొంచెము తప్పుచునే యుండును. చుక్క దిగంతమునకు దిగుకొలది వాతావరణము దాని కిరణమును వంచును. కంటికి ఈ తప్పు పెద్దగా తెలియదు. గంటసేపు తెరచియుంచిన ఫలకము మాత్రము మన్నింపదు. చుక్క గీతయై పోవును.

1889లో లిక్ వేధశాలలో బర్నార్డ్ వాడినది మనుష్యుల పటములు తీయుటకై చేసిన పాత ఆరంగుళముల కటకము. దానికి జతగా ఒక దూరదర్శినిని బిగించి, అందులో ఒక నక్షత్రమును గుర్తుగా ఎన్నుకొని, అది తొలగినపుడెల్ల మరల చోటికి తెచ్చుచు, చలిలో గంటల తరబడి కన్ను తీయక కూర్చుండెడివాడు. అతని పాలపుంత పటముల గ్రంథము 1927లో, అతడు మరణించిన నాలుగేండ్లకు వెలువడెను.

ఆకాశమంతయు పటములుగా తీయవలెనని 1887లో పారిస్ నగరమున సమావేశమైన జ్యోతిశ్శాస్త్రజ్ఞులు హెన్రీ సోదరుల పరికరమును మాదిరిగా గైకొనిరి. అందు పటము తీయు గొట్టమును, చూచు గొట్టమును ఒకే పెట్టెలో కలసియుండెను. ఆ మహాకార్యములో హైదరాబాదు నిజామియా వేధశాలకు దక్షిణ క్రాంతి 17 మొదలు 23 డిగ్రీల వరకు గల భాగము వచ్చినది. పోకాక్, తరువాత టి. పి. భాస్కరన్ అధ్యక్షతలో బేగంపేటలో ఆ పని సాగెను. చుక్కల స్థానములు సంపుటములుగా అచ్చుపడినవి. కనిపెట్టి కూర్చున్న రాత్రులకు మాత్రము ఆ పట్టికలలో గడి లేదు.

వేధశాల ఉద్యోగికి అది జీతపు పని. పగలు పాఠములు చెప్పి రాత్రి ఆకాశము చూచు ఔత్సాహికునకు అది అలసటపై అలసట. 1980ల చివర కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా ఇన్‌స్ట్రుమెంట్ గ్రూప్ వారి ఎస్.టి.-4 కెమేరా ఈ కావలిని కంటినుండి తప్పించెను. అందు ఉన్నవి 192 వరుసలు, 165 అడ్డువరుసల పిక్సెళ్లే. చుక్క జరిగినంతనే అది మోటారుకు ఆజ్ఞ పంపెడిది. నేటికిని మోటారు తీగను తగిలించు రంధ్రమును ఆ పేరుతోనే పిలుచుచున్నారు. 2000 తరువాత చౌక వెబ్ కెమేరాలును, క్రెయిగ్ స్టార్క్ వ్రాసి ఉచితముగా నిచ్చిన పి.హెచ్.డి. గైడింగ్ అను ప్రోగ్రామును తోడైనవి. డాక్టరేటు పట్టమునకును ఆ పేరునకును సంబంధము లేదు!

గైడ్ కెమేరాకు ఎక్కువ వెల పెట్టవలెనా? చిన్న లెక్క చాలును. పిక్సెల్ వెడల్పును మైక్రాన్లలో తీసికొని, 206 చేత గుణించి, గైడ్ దూరదర్శిని నాభ్యంతరము (మిల్లీమీటర్లు) చేత భాగించిన, ఒక పిక్సెల్ ఎన్ని వికలలో తెలియును. 3.75 మైక్రాన్ల పిక్సెల్, 200 మిల్లీమీటర్ల నాభ్యంతరము అయినచో దాదాపు 3.9 వికలలు. ఇది మోటుగా తోచును. కాని చుక్క వెలుగు అనేక పిక్సెళ్లపై పరచుకొనును గనుక, దాని మధ్యబిందువును పిక్సెల్‌లో పదవవంతు వరకు లెక్కింపవచ్చును. కావున చిన్న దూరదర్శినియు, చల్లబరచు ఏర్పాటులేని చౌక కెమేరాయు సరిపోవును. రంగుల కెమేరా కంటె నలుపు తెలుపుదే మేలు; రంగుల జల్లెడ వెలుగును మ్రింగును, మసక చుక్కలు దొరకవు.

మిగిలిన సొమ్మును రెండు గొట్టములను కలుపు బిగింపుపై పెట్టుట మంచిది. అది ఏమాత్రము వంగినను, చుక్క కదలలేదని గైడ్ కెమేరా చెప్పుచుండగనే, ప్రక్కనున్న పటములో చుక్కలు సాగిపోవుచుండును.