గోదావరిఖని మామ, పెట్ స్కాన్ కథ

మూడేళ్ల కిందట మా మేనమామకి పెద్దపేగు కాన్సర్ ఆపరేషన్ అయింది. మామ సింగరేణి గనుల్లో ముప్పై ఏళ్లు చేసిన మనిషి. అప్పట్లో గోదావరిఖని కరీంనగర్ జిల్లా, బెల్లంపల్లి ఆదిలాబాద్ జిల్లా. 2016లో జిల్లాలు చీలాక ఒకటి పెద్దపల్లికి, ఇంకోటి మంచిర్యాలకి పోయాయి. మామ రెండు చోట్లా పనిచేశాడు, రెండు చోట్లా దుమ్ము మింగాడు. ఆపరేషనైన ఏడాదికి ఛాతీ సీటీ తీస్తే కుడి ఊపిరితిత్తిలో 12 మిల్లీమీటర్ల మచ్చ కనబడింది. పెట్-సీటీ తీయించమన్నారు డాక్టరు. డాలస్‌లో ఉండే తమ్ముడేమో ఫోన్ చేసి, "అన్నా, పెట్-ఎమ్మారై అయితే రేడియేషన్ తక్కువంట, అదడుగు" అన్నాడు. ఏది మంచిదో తేల్చే పని నా నెత్తిన పడింది. కంప్యూటర్ ఇంజనీరంటే ప్రింటర్ నుంచి పేగుల దాకా అన్నీ తెలియాలి కదా మనవాళ్లకి :)

చదవడం మొదలెడితే ఈ కథ నిండా మన జాతే! సీటీ కనిపెట్టిన హౌన్స్‌ఫీల్డ్ డాక్టరు కాదు, ఈఎమ్ఐ కంపెనీ ఇంజనీరు. అంతకుముందు ఎమిడెక్ 1100 అనే ట్రాన్సిస్టర్ కంప్యూటర్ తయారుచేసిన బృందానికి పెద్ద ఆయనే. 1971 అక్టోబర్ 1న లండన్‌లో మొదటి పేషెంటు తలకి స్కాన్ తీశారు, 1979లో కార్మాక్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు. బీటిల్స్ పాటల డబ్బుతో సీటీ పుట్టిందని ఒక కథ తిరుగుతూ ఉంటుంది. నిజానికి బ్రిటన్ ఆరోగ్యశాఖ కూడా బాగానే డబ్బు పెట్టింది.

పెట్ సంగతి వేరు. ఫ్లోరిన్-18 తగిలించిన చక్కెరని రక్తంలోకి ఎక్కిస్తే, ఆకలెక్కువున్న కణాలు దాన్ని లాగేసుకుని వెలుగుతాయి. ఈ చక్కెరని మొదటిసారి మనిషికి ఎక్కించింది 1976లో, పెన్సిల్వేనియాలో. చిక్కేంటంటే, ఏదో వెలుగుతోందని పెట్ చెబుతుంది కానీ సరిగ్గా ఎక్కడో చెప్పలేదు. విడివిడిగా తీసిన రెండు బొమ్మల్ని సాఫ్ట్‌వేర్‌తో అతికించి చూశారు. మెదడుకి పనిచేసింది, పుర్రె కదలదు కాబట్టి. ఛాతీ దగ్గర బోల్తా కొట్టింది, ఊపిరి ఆగదు కదా. చివరికి టౌన్‌సెండ్, నట్ ఇద్దరూ రెండు యంత్రాలనీ ఒకే గూట్లో పెట్టి, పేషెంటుని ఒకే బల్ల మీద పడుకోబెట్టారు. 1998లో పిట్స్‌బర్గ్‌లో తొలి నమూనా నడిచింది. ముంబై టాటా మెమోరియల్‌కి పెట్-సీటీ వచ్చింది 2004లో.

ఎమ్మారైతో పెళ్లి ఇంత సులువుగా కుదరలేదు. పెట్ డిటెక్టర్లలో వాడే పాత ఫోటో మల్టిప్లయర్ ట్యూబులు అయస్కాంతం పక్కన పనిచెయ్యవు. వాటి చోట సెమీకండక్టర్లు వచ్చాకే, 2010లో, ఒళ్లంతా ఏకకాలంలో తీసే పెట్-ఎమ్మారై బయటికొచ్చింది. మెదడుకీ, కాలేయానికీ అది బంగారం. పిల్లలకైతే రేడియేషన్ తగ్గుతుంది కాబట్టి నేనూ దానికే ఓటేస్తాను. ఊపిరితిత్తులు మాత్రం దానికి లొంగవు. ఎమ్మారైకి కావలసింది నీటిలోని హైడ్రోజన్, అక్కడున్నదేమో గాలి. చక్కెరని బాగా పీల్చే పెద్ద మచ్చల్ని రెండూ పట్టుకుంటాయి. వెలగని చిన్న చిన్న మచ్చలు ఎమ్మారైలో జారిపోతాయి, సీటీలో దొరుకుతాయి. కొత్త పద్ధతులతో తేడా తగ్గుతోంది గానీ పూర్తిగా పోలేదు. డెబ్బైకి దగ్గరపడ్డ మామకి రేడియేషన్ భయం చూపించి మచ్చలు వదులుకోవడం నాకు తెలివైన బేరం అనిపించలేదు. తమ్ముడికి అదే చెప్పాను.

ఇంకో లెక్క కూడా వేశాను. ఫ్లోరిన్-18 నూట పది నిమిషాల్లో సగమైపోతుంది. హైదరాబాద్ నుంచి ఆదిలాబాద్ మూడొందల కిలోమీటర్లు, కారులో ఐదున్నర గంటలు అనుకుంటే మూడుసార్లు సగం, అంటే చేరేసరికి ఎనిమిదో వంతు మిగులుతుంది. కరీంనగర్‌కి మూడు గంటలైతే మూడో వంతు మిగులుతుంది. అందుకే మందు మనిషి దగ్గరికి రావడం కంటే మనిషే మందు దగ్గరికి పోవడం రివాజు. మామ ఏమీ తినకుండా తెల్లారుజామునే బయల్దేరి, రెండొందల పైచిలుకు కిలోమీటర్లు వచ్చి, సూది వేయించుకుని, గంటసేపు కదలకుండా కూర్చున్నాడు.

మచ్చ వెలిగింది. ఇంట్లో ఏడుపులు మొదలు. కానీ డాక్టరు బయాప్సీ చేయించాలని పట్టుబట్టారు. ఎందుకంటే టీబీ గడ్డల్లోని కణాలు కూడా ఆ చక్కెరని కాన్సర్ లాగే మింగుతాయి, మన దగ్గర టీబీకి కరువు లేదు. ఈ తేడా పెట్-సీటీ తేల్చలేదు, పెట్-ఎమ్మారై అయినా గ్యారంటీగా తేల్చలేదు. సూదితో తీసిన ముక్కే తేల్చాలి. ఫలితం రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. టీబీయే.

ఆర్నెల్లు మందులు వాడాక మచ్చ చిన్నదైంది. టీబీ అని తెలిసిన రోజు మామ ఫోన్లో అన్నమాట: "గింత దానికా బిడ్డా, నన్ను పొద్దంత పస్తుంచిన్రు?"