ఆరవ తరగతి గడప: మన సీమలో ఇంగ్లీషు చదువు

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి 2016 అక్టోబరు 11వ తేదీన జిల్లాకేంద్రములైనవి. అంతకు పూర్వము ఈ ప్రాంతములలో అధికభాగము వరంగల్లు జిల్లాలోనిదే. ఈ సీమలోని సామాన్యజనులకు ఇంగ్లీషు బడికంటె ముందు రైలుబండి మీద వచ్చినదనుట అతిశయోక్తి కాదు. నిజాం రైలుమార్గము 1886లో వరంగల్లును, 1889లో బెజవాడను చేరినది. జనగామలోను, మానుకోటగా ప్రసిద్ధమైన మహబూబాబాదులోను అక్షరము ముక్క రానివారు సైతము టికెట్టు, స్టేషను, సిగ్నలు అనుచు, ప్రతి మాట చివర ఒక తెలుగు అచ్చు చేర్చి వానిని తమవిగా చేసికొనిరి. చెవి ముందు, నాలుక తరువాత, కన్నును కలమును ఆపైని. మనిషికి భాష అబ్బు వరుస ఇదియే. బడి మాత్రము ఈ వరుసను తలక్రిందులు చేసినది.

నిజాం పాలనలోని బడులకు తహతానియా, వస్తానియా, ఫౌఖానియా అని మూడు మెట్లుండెడివి. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూలో బోధించుచు, ఇంగ్లీషును తప్పనిసరి పాఠ్యభాషగా ఉంచినది. క్రింది బడులదియు అదే త్రోవ. ప్రాథమిక దశ దాటిన తెలుగు బాలునికి ఇంటిలో ఒక భాష, లెక్కలకును చరిత్రకును వేరొక భాష, వీనికి తోడు ఇంగ్లీషు. ఒక గంటలో చేయి కుడి నుండి ఎడమకు నడచును. మరుగంటలో కాపీపుస్తకపు నాలుగు గీతల నడుమ ఎడమ నుండి కుడికి నడువవలెను. ఇంగ్లీషు మాటకు ఉపాధ్యాయుడు ఉర్దూలో అర్థము చెప్పిన, ఆ అర్థమునకు మరల తెలుగులో అర్థము వెదకికొనుట పిల్లవాని పాలు. 1930లో జోగిపేటలో తొలిసారి సమావేశమైన ఆంధ్రమహాసభ మాతృభాషలో విద్యకై పోరాడుటకు భాషాభిమానమొక్కటే కారణమని నేననుకొనను. ఈ మోతబరువు కూడ కారణమే.

1948 తరువాత మన బడులు క్రమముగా తెలుగుకు మరలినవి. ఒక బరువు దిగినది. 1958లో హైదరాబాదులో కేంద్రీయ ఆంగ్ల సంస్థ ఏర్పడినది. వ్యాకరణసూత్రములు వల్లింపక, వాక్యపు అచ్చులను ఒక క్రమమున చెవికి వినిపించి నోట పలికించవలెనన్న పద్ధతికి ఆ సంస్థ పెద్ద అండయైనది. పద్ధతి మంచిదే. కాని అరువదిమంది పిల్లలున్న తరగతిలో, తానే ఇంగ్లీషు వినని ఉపాధ్యాయుని చేతిలో, అది నల్లబల్ల మీది పట్టికగా మారిపోయెడిది. భూపాలపల్లి జిల్లాకు ఎవరి పేరు పెట్టిరో ఆ ఆచార్య కొత్తపల్లి జయశంకర్ (1934–2011) బాల్యము నిజాం కాలపు చదువులోనే గడచినది. తరువాతి కాలమున ఆయన ఈ సంస్థకే రిజిస్ట్రారైరి.

ఆరు మొదలు ఎనిమిది వరకు పిల్లవానికి ఎదురగు చిక్కులు మూడు తీరులవి. తెలుగు వ్రాసినట్లే చదువబడును. ఇంగ్లీషులో ‘కట్’ అన్నచోట ఒక ధ్వని నిచ్చిన అక్షరమే ‘పుట్’ అన్నచోట మరొక ధ్వని నిచ్చును. అందుచేత ఆరవ తరగతి బాలుడు ప్రతి మాట మీదను పెన్సిలుతో తెలుగు లిపిని వ్రాసికొనును. దీనిని తప్పనువారున్నారు. నాకది ఊతకర్రగా తోచును. ఏడవ తరగతికి మాటల వరుస అడ్డు తగులును. మన క్రియ వాక్యము చివర నుండగా వారిది నడుమ నుండును. ‘బల్ల మీద’ అనుటలో మనకు వెనుక వచ్చు ‘మీద’ వారికి ముందు వచ్చును. ఎనిమిదవ తరగతిలో వాక్యములు పొడవగును. ‘అన్నము తిని బడికి వచ్చిన పిల్లవాడు’ అని మనము విశేషణములన్నియు ముందు పేర్చి మనిషిని చివర నిలబెట్టుదుము. ఇంగ్లీషువాడు మనిషిని ముందు నిలిపి తక్కినది వెనుక తగిలించును. ఈ మలుపు తిరుగనివాడు తొమ్మిదవ తరగతిలో ఇంగ్లీషునందే కాక, ఆ భాషలో బోధించు విజ్ఞానశాస్త్రమునందును మందమతి యనిపించుకొనును. పాప మాతనికి శాస్త్రము రాకపోలేదు, వాక్యము విడిపోలేదు.

మహబూబాబాదు జిల్లా జనాభాలో మూడవ వంతుకు మించి గిరిజనులు. తండాలో లంబాడీ మాటలాడు బాలికకు తెలుగే బడిభాష. ఆమెకు ఇంగ్లీషు రెండవది కాదు, మూడవది. భూపాలపల్లి అడవి పల్లెలలోని కోయ పిల్లలలో ఇంట కోయభాష నాడువారికిని ఇదే స్థితి. పాఠ్యపుస్తకము వ్రాయువారు తెలుగును అందరికి పుట్టుభాషగా భావించుట పాత అలవాటు.

2008లో ఉన్నత పాఠశాలలలో ఆరవ తరగతి నుండి ఇంగ్లీషు మాధ్యమపు శాఖలు తెరచిరి. 2022–23లో తెలంగాణ ప్రభుత్వము ఒకటి మొదలు ఎనిమిది తరగతుల వరకు తన బడులన్నిట ఇంగ్లీషు మాధ్యమమును ప్రవేశపెట్టి, ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు గల పుస్తకముల నిచ్చినది. ఉర్దూ బరువు దిగిన భుజము మీదికి, పేదవాని కోరిక మీదనే, మరియొక బరువెక్కినది. కలిగినవారి బిడ్డలకున్న అవకాశము తమ బిడ్డలకేల ఉండరాదని తల్లిదండ్రులడిగిన, కాదనుటకు మనకు నోరు రాదు. ఎదురెదురు పుటల ఏర్పాటు మెచ్చదగినది. అయితే రెండు పుటలును కంటికే. చెవికి మూడవ పుట లేదు.

ఆకాశవాణి ‘విందాం నేర్చుకుందాం’ అను పేర ప్రాథమిక తరగతులకు పాఠములు వినిపించినది. పై తరగతుల పిల్లలున్న ఇండ్లలో అంతకంటె సులువైన పని యొకటి కలదు. తెలుగు వార్తలు ముగిసిన పిమ్మట అదే దినమున ఇంగ్లీషు వార్తలు పెట్టి వినిపింపవచ్చును. సంగతి ముందే తెలిసియుండుటచే ఆరవ తరగతి పిల్లవానికి ఊర్ల పేర్లు, మనుష్యుల పేర్లు, అంకెలు చెవి కందును. ఏడవ తరగతివానికి వచ్చిరి, పోయిరి, చెప్పిరి అను క్రియలు తేలును. ఎనిమిదవ తరగతి పిల్ల, ఎవరు ఎవరితో ఏమనిరో రెండు వాక్యములలో తిరిగి చెప్పగలదు. మొదటి వారము ఏమియు అర్థము కాలేదని రేడియో కట్టివేయకుండుటయే పెద్దల వంతు.