ఫ్రీక్ అవుట్!

లాస్ ఏంజెలెస్ ప్రయోగాత్మక రాక్ బృందం ‘ది మదర్స్ ఆఫ్ ఇన్వెన్షన్’ తొలి ఆల్బమ్ ‘ఫ్రీక్ అవుట్!’. వెర్వ్ సంస్థ దీన్ని 1966 జూన్ 27న విడుదల చేసింది. రెండు ఎల్పీలు, నాలుగు వైపులు, గంటసేపు సంగీతం. ఒక్క పాట తప్ప మిగతావన్నీ బృంద నాయకుడు ఫ్రాంక్ జప్పా (1940–1993) ఒక్కడే రాసి స్వరపరిచాడు. రాక్ చరిత్రలో మొదటి డబుల్ ఆల్బమ్‌లలో ఇదొకటి. బాబ్ డిలాన్ డబుల్ ఆల్బమ్ ‘బ్లాండ్ ఆన్ బ్లాండ్’ కూడా అదే వేసవిలో వచ్చింది. రిథమ్ అండ్ బ్లూస్, నల్లజాతి యువకులు వీధి మలుపుల్లో గొంతులు కలిపి పాడుకున్న డూ-వాప్, రేడియోలో మోగే ప్రేమపాటలు, ఇరవయ్యో శతాబ్దపు నవ్య శాస్త్రీయ సంగీతం, టేపును కోసి అతికించే శబ్ద ప్రయోగాలు ఇందులో పక్కపక్కనే ఉంటాయి. వీటిలో ఏదీ ఎక్కువ కాదు, ఏదీ తక్కువ కాదు. ఈ ఆల్బమ్‌ను ఇప్పటికీ వినదగినదిగా నిలిపింది ఈ సమదృష్టే.

ఆ దృష్టి జప్పాకు చిన్నప్పుడే అబ్బింది. బాల్టిమోర్‌లో పుట్టి, కాలిఫోర్నియాలో మొజావే ఎడారి అంచునున్న లాంకాస్టర్‌లో హైస్కూలు చదువు ముగించిన కుర్రవాడు. ఎడ్గార్ వరేజ్ అనే స్వరకర్త రికార్డును చెడతిడుతూ ‘లుక్’ పత్రికలో వచ్చిన మాటలు చదివి, అంత చెడ్డదైతే వినితీరాల్సిందేనని వెతికి మరీ కొనుక్కున్నాడు. అందులోని ‘అయనైజేషన్’ (1931) పదమూడు మంది తాళవాద్యకారులు వాయించే రచన. మధ్యలో సైరన్లు కూడా కూస్తాయి. పదిహేనో పుట్టినరోజుకు ఏం కావాలని తల్లి అడిగితే, న్యూయార్క్‌లోని వరేజ్ ఇంటికి ట్రంక్ కాల్ చేసుకోనిమ్మన్నాడు. ఆయన ఊళ్లో లేకపోవడంతో ఆయన భార్య మాట్లాడింది. అదే రోజుల్లో బ్లూస్ గిటారిస్టులు గిటార్ స్లిమ్, జానీ ‘గిటార్’ వాట్సన్ రికార్డులూ అరిగేలా విన్నాడు. ఒకటి పండితులది, మరొకటి పామరులది అన్న భేదం ఆ చెవికి తెలియదు.

కుకమోంగా అనే చిన్న ఊళ్లో కొన్నాళ్లు సొంత స్టూడియో నడిపి, ఒక శబ్దం మీద మరో శబ్దాన్ని పేర్చడం అక్కడే నేర్చుకున్నాడు. పొమోనాలోని ఒక బార్‌లో ఇతరుల హిట్ పాటలు వాయించే ‘సోల్ జెయింట్స్’ బృందంలో గిటారిస్టు స్థానం ఖాళీ అయితే అందులో చేరాడు. గాయకుడు రే కాలిన్స్, బేస్ గిటార్ రాయ్ ఎస్ట్రాడా, డ్రమ్స్ జిమ్మీ కార్ల్ బ్లాక్ అప్పటికే అక్కడున్నారు. ఇతరుల పాటలు చాలు, మన పాటలు వాయిద్దామని వాళ్లను ఒప్పించాడు. మదర్స్ డే నాడు బృందం ‘ది మదర్స్’గా పేరు మార్చుకుంది. రెండో గిటారిస్టు ఎలియట్ ఇంగ్బర్ తర్వాత కలిశాడు. సంగీతకారుల వాడుకలో ‘మదర్స్’ అన్న పేరు ఒక బూతుమాటకు పొట్టి రూపం కూడా కావడంతో రికార్డు కంపెనీ భయపడి, ‘ఆఫ్ ఇన్వెన్షన్’ తగిలించింది.

ఇక్కడ ఈ ఆల్బమ్ నిర్మాత టామ్ విల్సన్ గురించి ఆగి చెప్పుకోవాలి. హార్వర్డ్‌లో చదివిన నల్లజాతీయుడు. సన్ రా, సెసిల్ టేలర్ వంటి సాహసిక జాజ్ కళాకారుల తొలి రికార్డులు తీసినవాడు. డిలాన్ ‘లైక్ ఎ రోలింగ్ స్టోన్’ కూడా ఆయన చేతిమీదుగా వచ్చిందే. హాలీవుడ్ క్లబ్ ‘విస్కీ ఎ గో గో’లో మదర్స్ కచేరీ జరుగుతుండగా వచ్చి, ఒక్క పాట విని వెళ్లిపోయాడు. అది లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్‌లో జరిగిన అల్లర్ల మీద కట్టిన బ్లూస్. శ్వేతజాతి కుర్రాళ్ల బ్లూస్ బృందం దొరికిందనుకుని, ఎంజీఎం యాజమాన్యంలోని వెర్వ్‌తో ఒప్పందం కుదిర్చాడు. 1966 మార్చిలో హాలీవుడ్‌లోని టీటీజీ స్టూడియోలో రికార్డింగ్ మొదలైంది. మొదట ‘ఎనీ వే ద విండ్ బ్లోస్’ అనే తేలికైన ప్రేమపాట. ఆ వెంటనే ‘హూ ఆర్ ద బ్రెయిన్ పోలీస్?’ అది వినగానే విల్సన్ న్యూయార్క్‌కు ఫోన్ అందుకుని, తాను తెచ్చింది బ్లూస్ బృందం కాదని పైవాళ్లకు నచ్చచెప్పే పనిలో పడ్డాడని జప్పా తర్వాత చెప్పాడు. విల్సన్ అక్కడితో వెనక్కి తగ్గి ఉండవచ్చు. తగ్గకపోగా ఖర్చు పెంచాడు. అది ఇరవై వేల డాలర్లు దాటింది. కొత్త బృందం తొలి రికార్డుకు ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం. వాద్యబృందాన్ని పిలిపించారు. ప్లాస్ జాన్సన్, కరోల్ కే వంటి పేరున్న స్టూడియో కళాకారుల ముందు జప్పా తాను రాసిన స్వరపత్రాలు పెట్టి, తానే నిలబడి నడిపించాడు.

ఆల్బమ్ అమరిక ఒక పథకం ప్రకారం సాగుతుంది. మొదటి ఎల్పీలో ఎక్కువగా మూడు నిమిషాల పాటలే. ‘హంగ్రీ ఫ్రీక్స్, డాడీ’ రోలింగ్ స్టోన్స్ ‘శాటిస్‌ఫాక్షన్’ను గుర్తుచేసే గిటార్ వరసతో మొదలవుతుంది. ‘గో క్రై ఆన్ సంబడీ ఎల్సెస్ షోల్డర్’ అచ్చమైన డూ-వాప్: వెనక గొంతుల వంత, మధ్యలో పాట ఆపి ప్రియురాలితో గోడు వెళ్లబోసుకునే మాటలు. జప్పా, కాలిన్స్ కలిసి రాసిన ఈ పాటను పేరడీ అని చాలామంది కొట్టిపారేస్తారు. అది సగం నిజమే. ఆ శైలిని ప్రాణంగా ప్రేమించనివాడు వంత గొంతులను అంత సరిగ్గా పేర్చలేడు. ఈ పాటల మధ్యలోనే ‘బ్రెయిన్ పోలీస్’ పొంచి ఉంటుంది. నెమ్మదైన లయ, బరబరలాడే గిటార్, నిద్రలో నడుస్తున్నవాళ్లలా పలికే గొంతులు. ఉన్నట్టుండి తాళం చెదిరి, కేకలూ శబ్దాలూ కమ్ముకుని, పాట మళ్లీ ఏమీ జరగనట్టు కొనసాగుతుంది. రేడియో పాటలకు అలవాటుపడ్డ శ్రోతకు రాబోయేదాని గురించి అది తొలి హెచ్చరిక.

మూడో వైపు ‘ట్రబుల్ ఎవ్రీ డే’తో మొదలవుతుంది. విల్సన్ క్లబ్బులో విన్నది ఈ పాటే. 1965 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్ ప్రాంతం ఆరు రోజులు తగలబడింది; 34 మంది చనిపోయారు. ఆ దృశ్యాలను టీవీలో చూస్తూ జప్పా ఈ పాట రాశాడు. వీధిలోని హింసనే కాదు, ఎదుటి చానల్ కంటే ముందు శవాన్ని చూపించాలన్న వార్తాసంస్థల ఆత్రాన్నీ అందులో ఎండగట్టాడు. ఆల్బమ్‌లో హాస్యం ముసుగు లేని పాట ఇదొక్కటే. నా దృష్టిలో ఇదే దీని శిఖరం. తర్వాతి ‘హెల్ప్, ఐయామ్ ఎ రాక్’లో ఒకే వరస తిరుగుతుంటుంది, గొంతులు గొణుగుతాయి, మూలుగుతాయి. చివరి భాగం ‘ఇట్ కాంట్ హ్యాపెన్ హియర్’లో వాద్యాలు దాదాపు తప్పుకుంటాయి, విడివిడి గొంతులు ఒకదాన్నొకటి తరుముకుంటాయి.

నాలుగో వైపంతా ఒకే రచన, ‘ద రిటర్న్ ఆఫ్ ద సన్ ఆఫ్ మాన్‌స్టర్ మ్యాగ్నెట్’, పన్నెండు నిమిషాలు. సన్‌సెట్ బూలవార్డ్ మీద జుట్టు పెంచుకుని, రంగురంగుల బట్టల్లో తిరుగుతూ, క్లబ్బుల్లో తోచినట్టు నాట్యమాడుతూ తమను తాము ‘ఫ్రీక్స్’ అని చెప్పుకున్న జనాన్ని ఒక అర్ధరాత్రి స్టూడియోకు పిలిచారు. ఐదు వందల డాలర్లకు అద్దెకు తెచ్చిన తాళవాద్యాలను వాళ్ల ముందు పెట్టారు. మోత మోగించారు, అరిచారు. జప్పాకు అది పునాది మాత్రమే. దానిమీద కట్టాల్సిన సంగీతం వేరే ఉంది. కంపెనీ ఇక డబ్బూ సమయమూ ఇవ్వనంది. పునాదినే భవనమని విడుదల చేశారు. వరేజ్ ప్రభావం స్పష్టంగా వినిపించే చోట నిర్మాణం లేకుండా పోవడం ఆల్బమ్‌కు నిజమైన నష్టం.

అట్ట కూడా సంగీతంలో భాగమే. తమ సంగీతానికి ముడిసరుకు ఇచ్చినవారంటూ లోపల 179 పేర్లు అచ్చువేశారు. స్వరకర్తలు షోన్‌బర్గ్, స్ట్రావిన్‌స్కీ, బ్లూస్ గాయకులు మడ్డీ వాటర్స్, హౌలిన్ ఉల్ఫ్, రచయిత జేమ్స్ జాయిస్, హాస్య కళాకారుడు లెనీ బ్రూస్, అందరూ ఒకే వరుసలో. వెనక అట్ట మీద బృందాన్ని ఏకిపారేస్తూ సాల్ట్ లేక్ సిటీ అమ్మాయి ‘సూజీ క్రీమ్‌చీజ్’ రాసిన ఉత్తరం ఉంటుంది. ఆ అమ్మాయి జప్పా కల్పన.

అమెరికాలో ఆల్బమ్ బిల్‌బోర్డ్ జాబితాలో 130వ స్థానం దాటి పైకి రాలేదు. వినవలసినవారు మాత్రం విన్నారు. బీటిల్స్ 1967లో ‘సార్జంట్ పెప్పర్స్’ ఆల్బమ్ చేస్తున్నప్పుడు పాల్ మెకార్ట్‌నీ ఈ ఆల్బమ్ పేరెత్తి, ఇది మన ‘ఫ్రీక్ అవుట్!’ అని అన్నట్టు చెబుతారు. ప్రాగ్‌లో 1968లో ఏర్పడిన ‘ప్లాస్టిక్ పీపుల్ ఆఫ్ ద యూనివర్స్’ రాక్ బృందం మదర్స్ రెండో ఆల్బమ్‌లోని పాట నుంచి పేరు తీసుకుంది. 1976లో ఆ బృంద సభ్యులపై జరిగిన విచారణ చెకొస్లొవేకియాలో ‘చార్టర్ 77’ మానవ హక్కుల ఉద్యమానికి ప్రేరణ అయింది. మదర్స్ తొలి బృందాన్ని జప్పా 1969లో రద్దు చేశాడు. ఆల్బమ్ 1999లో గ్రామీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది.

కొత్తగా వినబోయేవారు ఏ ముద్రణ ఎంచుకోవాలో చూసుకోవాలి. 1987 సీడీ కోసం జప్పా పాత టేపులకు ప్రతిధ్వని జోడించాడు. దాంతో గొంతులు దూరంగా జరిగినట్టుంటాయి. నలభయ్యేళ్ల సందర్భంగా 2006లో వచ్చిన ‘మోఫో’ సంపుటిలో 1966 నాటి అసలు స్టీరియో మిక్స్, స్టూడియోలో మిగిలిపోయిన టేపు ముక్కలు ఉన్నాయి. వినాల్సింది అదే.