ముక్కుపురుగు, రైలు, అరవై బొమ్మలు

కిందటేడు మా బాబాయి వాషింగ్టన్ వచ్చాడు. ఊరంతా తిరిగాక అడిగాడు: "బానిసత్వం పోయి నూటయాభై ఏళ్లు దాటింది కదరా, ఈ నల్లవాళ్లు ఇంకా దాన్నే ఎందుకు తలుచుకుంటారు?" వాదించకుండా ఫిలిప్స్ కలెక్షన్ అనే మ్యూజియానికి తీసుకెళ్లాను. నల్లజాతి చిత్రకారుడు జేకబ్ లారెన్స్ 1941లో, ఇరవై మూడేళ్ల వయసులో పూర్తిచేసిన అరవై వలస బొమ్మల్లో బేసి సంఖ్యలవి అక్కడున్నాయి. సరి సంఖ్యలవి న్యూయార్క్‌లోని మోమా మ్యూజియంలో.

1865లో బానిసత్వం పోయినా అమెరికా దక్షిణాదిలో అప్పు తీరని కౌలు పోలేదు. మనిషిని చెట్టుకి వేలాడదీసే గుంపులూ పోలేదు. పత్తిని ముక్కుపురుగు తినేసింది. మొదటి ప్రపంచయుద్ధంతో ఉత్తరాది ఫ్యాక్టరీలకు కూలీలు కావలసొచ్చారు. 1910 నుంచి 1970 దాకా దాదాపు 60 లక్షల మంది నల్లవాళ్లు దక్షిణాది వదిలి కదిలారు. లారెన్స్ అమ్మానాన్నలూ అలా వచ్చినవాళ్లే.

లారెన్స్ అరవై పలకలూ పరిచి, ఒక రంగు అన్నిటికీ పూశాకే రెండో రంగు ముట్టుకున్నాడట. అందుకే స్టేషన్లో తోసుకునే జనానికీ, ఖాళీ ఉరితాడుకీ అవే రంగులు. బాబాయి యాభై ఏడో బొమ్మ దగ్గర ఆగిపోయాడు. తెల్ల గౌనులో ఒకామె రెండు చేతులా కర్ర పట్టుకుని, తలవంచి రంగుబట్టలు కలియబెడుతోంది. ఆడకూలీలే అందరికన్నా ఆలస్యంగా ఉత్తరాదికి చేరారని చెప్పే బొమ్మ అది. "మన చాకిరేవే కదరా," అన్నాడు.

ఇంటికొచ్చాక మిగతా కథ చెప్పాను. పేరు వచ్చాక లారెన్స్ మనసు చితికింది. 1949లో తనంతట తానే క్వీన్స్‌లోని మానసిక వైద్యశాలలో చేరాడు. అక్కడి రోగుల్నే బొమ్మలు గీశాడు: వాలిన తలలు, గాజుపాత్రలో మాత్రలు. జాతి బాధ గీసిన చెయ్యే తన బాధనీ గీసింది.

బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. మా ఇంట్లోనే ఒకరికి అలా జరిగితే "నరాల బలహీనత" అని చెప్పి దాచాం. వలస వచ్చిన మేమూ ఇంటికి ఫోన్ చేసినప్పుడు జీతం చెబుతాం, నిద్రపట్టని రాత్రులు చెప్పం.

ఈ దేశానికి మన రాకను సుగమం చేసిన 1965 వలస చట్టం, నల్లవాళ్ల పౌరహక్కుల పోరాటం తెచ్చిన ఊపులో వచ్చింది. వాళ్లకు మనం పడిన బాకీ అది. వాళ్ల దగ్గర నేర్చుకోవలసింది ఇంకొకటుంది: గాయాన్ని గోడకి తగిలించి నలుగురికీ చూపించడం.