నాలుగింట ఒకే చోటు

1969 వసంతకాలం. అమెరికా దక్షిణాన, టెక్సాస్ రాష్ట్రంలోని క్రిస్టల్ సిటీ హైస్కూల్లో చీర్‌లీడర్ల ఎంపిక. అమ్మాయిలు ఒక్కొక్కరే ముందుకొచ్చి నినాదం అందుకోవాలి, చేతులు విసరాలి, ఎగిరి చూపించాలి. మార్కులు వేసేది టీచర్లు. వరసలో డయానా పలాసియోస్ కూడా ఉంది. ఆమె ఎవరికీ తీసిపోదని తోటి పిల్లలందరి మాట.

ఫలితాల్లో ఆమె పేరు లేదు.

ఉన్నవి నాలుగు చోట్లు. అందులో మూడు తెల్లవాళ్ల అమ్మాయిలకు, ఒకటి మెక్సికన్ అమ్మాయికి. ఏటా ఇదే వాటా. ఆ ఒక్క చోటూ అప్పటికే నిండిపోయింది కాబట్టి డయానా ఎంత బాగా ఎగిరినా లాభం లేదు. స్కూల్లో చదివేవాళ్లలో నూటికి సుమారు 85 మంది మెక్సికన్ అమెరికన్ పిల్లలేనని గుర్తు పెట్టుకుంటే ఆ లెక్కలోని అన్యాయం ఎంతటిదో తెలుస్తుంది.

చీర్‌లీడర్లంటే మనకు ఐపీఎల్‌లో జీతానికి ఆడే బృందాలే తెలుసు. అక్కడి హైస్కూల్లో సంగతి వేరు. శుక్రవారం సాయంత్రం ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందంటే చిన్న ఊళ్లో జనమంతా మైదానం దగ్గరే. బ్యాండు మోగుతుంది, జెండాలు ఊగుతాయి. స్కూలు రంగుల దుస్తుల్లో గ్యాలరీ ముందు నిలబడి జనం చేత అరిపించేది ఈ అమ్మాయిలే. మా స్కూలు అంటే వీళ్లు అని ఊరికి చూపించే చోటు అది. మైదానం అంచున ఎవరు నిలబడాలన్నది అందుకే చిన్న విషయం కాదు.

క్రిస్టల్ సిటీ పాలకూరకు పేరు మోసిన ఊరు. పాలకూర తిని బలం తెచ్చుకునే కార్టూన్ వీరుడు పొపాయ్‌కి 1937లోనే అక్కడ విగ్రహం పెట్టారు. ఆ పాలకూర కోసే చేతులు మెక్సికన్లవి. భూములు, దుకాణాలు, స్కూలు బోర్డులో పెత్తనం తెల్లవాళ్లవి. కోతలకాలం రాగానే కూలి కుటుంబాలు పిల్లాపాపలతో ఉత్తరాది రాష్ట్రాలకు వలస పోయేవి. స్కూలు ఆవరణలో ఇంటి భాష స్పానిష్ మాట్లాడితే శిక్ష.

పిల్లలు అర్జీ పెట్టారు. సూపరింటెండెంట్ కొంత మెత్తబడి, ముగ్గురు వీళ్లు, ముగ్గురు వాళ్లు అని ఒక రాజీ కుదిర్చాడు. తెల్లవాళ్ల తల్లిదండ్రులు భగ్గుమన్నారు. బోర్డు ఆ రాజీని కొట్టేసింది.

వేసవి గడిచి ఫుట్‌బాల్ సీజన్ మొదలయ్యేసరికి ఇంకో పుల్ల పడింది. హోమ్‌కమింగ్ అని, పాత విద్యార్థులు స్కూలుకు తిరిగొచ్చే పండగ ఒకటుంటుంది. ఆ రోజు మైదానంలో ఒక అమ్మాయికి కిరీటం పెడతారు. ఆ కిరీటానికి పోటీ పడాలంటే తల్లిదండ్రుల్లో ఒకరైనా ఇదే హైస్కూల్లో పట్టా పుచ్చుకుని ఉండాలని పూర్వ విద్యార్థుల సంఘం షరతు. కోతల వెంట తిరిగి చదువు మధ్యలో వదిలేసిన తల్లిదండ్రుల బిడ్డలకు ఆ షరతు ఎలా కలిసొస్తుంది? అర్హత దక్కిన మెక్సికన్ అమ్మాయిలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పేదరికం వల్ల తల్లి చదువు ఆగితే, ఆ ఆగిన చదువునే చూపించి కూతుర్ని పక్కన పెట్టడం. ఈ కథ మొత్తంలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇదే.

సెవెరిటా లారా అనే విద్యార్థిని ఈ అన్యాయం గురించి కరపత్రాలు పంచింది. సస్పెండ్ చేశారు. ఆమె తగ్గలేదు. అదే ఊళ్లో పుట్టి, పై చదువులు చదివి తిరిగొచ్చిన పాతికేళ్ల యువకుడు హోసే ఆంహెల్ గుటియెర్రెజ్ పిల్లల వెనక నిలబడ్డాడు. డిమాండ్ల చిట్టా పెరిగింది. చీర్‌లీడర్లను విద్యార్థులే ఎన్నుకోవాలి. రెండు భాషల్లో చదువు చెప్పాలి. మెక్సికన్ల చరిత్ర కూడా పాఠాల్లో ఉండాలి.

డిసెంబరు 8న బోర్డు ముందుకెళ్లి ఆ చిట్టా పెట్టారు. బోర్డు కుదరదంది. 9వ తేదీ పొద్దున హైస్కూలు పిల్లలు తరగతులు వదిలి బయటికొచ్చేశారు. రోజురోజుకీ సంఖ్య పెరిగింది, కింది తరగతుల పిల్లలూ చేరారు. చివరికి దాదాపు 1,700 మంది! అమ్మానాన్నలు కూడా వెంట నడిచారు. తెల్లవాళ్ల కొట్లలో పనిచేసి పొట్టపోసుకునే కుటుంబాలు అంత తెగువ చూపడం మామూలు విషయం కాదు. ఇక్కడ ఇంకో కీలకం ఉంది. టెక్సాస్‌లో ప్రభుత్వం స్కూళ్లకిచ్చే డబ్బు హాజరును బట్టి ఉంటుంది. ఖాళీగా ఉన్న ప్రతి బల్లా బోర్డు ఖజానాకు చిల్లే.

సెనేటర్ రాల్ఫ్ యార్‌బరో పిలుపు మీద సెవెరిటా లారా, డయానా సెర్నా, మారియో ట్రెవిన్యో వాషింగ్టన్ వెళ్లారు. ఆ ముగ్గురు హైస్కూలు పిల్లలూ సెనేటర్లు ఎడ్వర్డ్ కెన్నెడీ, జార్జ్ మెక్‌గవర్న్‌లను కలిసి తమ గోడు చెప్పుకున్నారు. కేంద్ర న్యాయశాఖ మధ్యవర్తుల్ని పంపింది. క్రిస్మస్ సెలవుల్లో బయటి ఊళ్ల నుంచి మెక్సికన్ అమెరికన్ టీచర్లు స్వచ్ఛందంగా వచ్చి, పిల్లల చదువు వెనకపడకుండా పాఠాలు చెప్పారు.

1970 జనవరిలో బోర్డు దిగొచ్చింది. చాలా డిమాండ్లకు ఒప్పుకుంది. అదే నెలలో ఆ ఊళ్లోనే లా రాజా ఉనీదా అనే పార్టీ పుట్టింది. ఏప్రిల్‌ ఎన్నికల్లో గెలిచి, ఏ బోర్డు పిల్లల డిమాండ్లు కుదరవందో అదే బోర్డుకు గుటియెర్రెజ్ అధ్యక్షుడయ్యాడు. అమెరికాలో మెక్సికన్ల పౌరహక్కుల చరిత్ర రాసేవాళ్లెవరూ క్రిస్టల్ సిటీని దాటిపోలేరు.

ఇవాళ టెక్సాస్‌లో తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మన పిల్లలూ అవే హైస్కూళ్లకు వెళ్తున్నారు, అవే మైదానాల అంచున నిలబడుతున్నారు. మీ ఇంట్లోనో, మీ చుట్టాలింట్లోనో అలాంటి అమ్మాయి ఉంటే డయానా పలాసియోస్ గురించి చెప్పండి. సెవెరిటా లారా గురించీ చెప్పండి. కరపత్రాలు పంచినందుకు స్కూలు సస్పెండ్ చేసిన ఆ అమ్మాయే 1990లలో క్రిస్టల్ సిటీకి మేయరైంది.