నీటి పరీక్షలో లేనిది, కనబడనిది

ఊరి బావినీటిని సీసాలో పట్టి ప్రయోగశాలకు పంపినపుడు తిరిగివచ్చు కాగితముపై ఒక్కొక్క పదార్థమున కెదురుగా ఒక అంకె యుండును. కొన్నింటి కెదురుగా అంకెకు బదులు బి.డి.ఎల్. అను మూడక్షరములు కనిపించును. పరీక్షకు అందు మేరకంటె తక్కువగా నున్నదని వాని అర్థము. మనలో చాలమందిమి వానిని ‘లేదు’ అని చదువుకొందుము. సీసము లేదు, పాషాణము లేదు, నీరు మంచిదే అనుకొందుము. కాగితము వ్రాసినవాడు ఆ మాట అనలేదు. తన పరీక్షకు కనబడలేదని మాత్రమే అతడు చెప్పెను. ఈ రెండు మాటల నడుమ ఎడమెంతయో లెక్కగట్టి చెప్పుటకు రసాయనశాస్త్రమునకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ కథలో కొంత చెప్పుకొందము.

1854వ సంవత్సరమున లండను నగరములో కలరా ప్రబలి యుండెను. దక్షిణ లండనులో రెండు కంపెనీలు ఒకే వీధిలో, పలుచోట్ల ప్రక్కప్రక్క ఇండ్లకే, నీరందించుచుండెడివి. లాంబెత్ కంపెనీ థేమ్సు నది ఎగువన, నగరపు మురికి చేరని చోట నీరు తోడెడిది. సదర్క్, వాక్స్‌హాల్ కంపెనీ నగరములోనే తోడెడిది. ఏ ఇంటికి ఎవరి నీరు వచ్చుచున్నదో తరచుగా ఇంటివారికే తెలియదు. జాన్ స్నో అను వైద్యుడు ఇంటింటికి తిరిగి మరణముల లెక్క తీయుచు, ఈ చిక్కును ఒక చిన్న పరీక్షతో విడదీసెను. ఉప్పు కలిసిన నీటిలో సిల్వర్ నైట్రేటు ద్రావకమును పోసిన తెల్లని మడ్డి దిగును. లాంబెత్ నీటిలో గ్యాలనుకు 0.95 గ్రెయిను ఉప్పు తేలినది. రెండవ కంపెనీ నీటిలో 37.9 గ్రెయినులు తేలినది. ఇంత తేడా యుండగా పొరబడుటకు తావెక్కడిది? సీసాలో నీరు చూచి ఏ కంపెనీదో చెప్పగలిగెను.

ఉప్పు వలన ఎవరికిని కలరా రాదు. స్నోకు అది నీటి చిరునామాను తెలుపు గురుతు మాత్రమే. అసలు హంతకుని పట్టుకొను సాధనము ఆయన చేతిలో లేదు. అదే సంవత్సరము సెప్టెంబరులో బ్రాడ్ వీధి పంపు చుట్టుపట్ల జనము పిట్టలవలె రాలిపోయిరి. ఆ పంపునీరు చూపునకు స్వచ్ఛమైనది. రుచి బాగుండునని దూరపు పేటనుండి తెప్పించుకొని త్రాగినవారును గలరు. కంటికిగాని రసాయనమునకుగాని కలరాకు ఇదియే కారణమని వ్రేలుపెట్టి చూపదగినది అందులో దొరకలేదు. స్నో చావుల లెక్కను నమ్మెను. పంపు పిడిని ఊడదీయించెను. సుమారు ముప్పది యేండ్లకు, 1884లో, రాబర్ట్ కాఖ్ మన కలకత్తాకు వచ్చి, రోగులలో కనుగొన్న కలరా క్రిమిని జనము వాడుకొను ఒక చెరువు నీటిలోను చూపగలిగెను. అంతవరకు ఆ క్రిమి నీటిలో లేకుండెనా?

తరువాతి తరము రసాయనికులు మురికిని అమోనియా రూపమున వెదకిరి. 1856లో జర్మనీకి చెందిన నెస్లరు కనుగొన్న ద్రావకమును కలిపినచో అమోనియా యున్న నీరు పసుపుపచ్చగా మారును. తెలిసిన మోతాదుల నీటిని గాజుగొట్టములలో వరుసగా నిలిపి, మన నీటి రంగు దేనితో సరిపోలునో పైనుండి చూచి నిర్ణయింతురు. ఇచ్చట కొలబద్ద మనుష్యుని కన్ను. లేత పసుపును ఒకడు పసుపనును, ఒకడు తెలుపనును. ఉదయమున పసుపన్నవాడే సాయంకాలపు వెలుగులో తెలుపనవచ్చును. పరీక్షకు ఒక అంచు గలదనియు, ఆ అంచు కదలుచుండుననియు పని చేయు వారికి అనుభవమే. దానిని లెక్కలోనికి తెచ్చు పని మాత్రము చాలకాలము జరుగలేదు.

మనకు మిక్కిలి దగ్గరి కథ ఫ్లోరైడుది. అది అమెరికాలో మొదలైనది. 1901లో కొలరాడో స్ప్రింగ్స్ పట్టణమునకు చేరిన మెక్‌కే అను దంతవైద్యుడు అచ్చటి పిల్లల పండ్లపై గోధుమరంగు మచ్చలను చూచి ఆశ్చర్యపడెను. ఏండ్లతరబడి ఊరూర తిరిగి, దోషము నీటిలోనిదని నిశ్చయించుకొనెను. నీటినేమో పరీక్షించినకొలది నిర్దోషమనియే వచ్చుచుండెను. నాటి పరీక్షల జాబితాలో ఫ్లోరైడు లేదు. వెదకని వస్తువు దొరకకపోవుటలో వింత యేమున్నది? ఆర్కన్సాస్ రాష్ట్రములో బాక్సైట్ అను ఊరు అల్యూమినియము కంపెనీవారిది. అక్కడ 1909లో లోతు బావులు త్రవ్వి నీరు మార్చినపిమ్మట పుట్టి పెరిగిన పిల్లలకే మచ్చలు వచ్చినవి. తమ లోహమునకు అపకీర్తి వచ్చునేమోయని కంపెనీ ప్రధాన రసాయనికుడు చర్చిల్ కలతచెందెను. అలవాటు పరీక్షలను ప్రక్కనబెట్టి స్పెక్ట్రోగ్రాఫు అను యంత్రముతో ఆ నీటిని చూపించెను. పదార్థమును మండించి దాని వెలుగును గీతలుగా విడదీయు యంత్రమది. ఇది కావలెనని ముందుగా అడుగకున్నను అందులో నున్నదానిని అది చూపును. పది లక్షల పాళ్ల నీటికి 13.7 పాళ్ల ఫ్లోరైడు తేలినది. చర్చిల్ నమ్మలేక మరల క్రొత్తగా నీరు తెప్పించి పరీక్ష చేయించెను. ఫలితము మారలేదు. 1931లో ఆ సంగతి ప్రకటితమైనది. స్వలాభము కొరకైనను మంచిపని జరిగినదనుకొందము.

అంత హెచ్చు మోతాదు పట్టుబడుట ఒకటి. ఏ మోతాదు వద్ద మచ్చ మొదలగునో తేల్చుట వేరొకటి. దానికి సన్నని కొలత కావలెను. అమెరికా ప్రభుత్వ ఆరోగ్యశాఖకు చెందిన డీన్ తన సహచరుడైన ఎల్వోవ్ అను రసాయనికుని అడుగగా, ఆయన రెండేండ్లు శ్రమించి పది లక్షలలో 0.1 పాలు వరకు నిలుకడగా చెప్పగల పద్ధతిని సిద్ధపరచెను. ఆ మీదటనే డీన్ పట్టణములను ఒకదానితో నొకటి పోల్చి, సుమారు ఒక పాలు వరకు కీడు స్వల్పమని చెప్పగలిగెను.

1937లో ఆ కొలత మన నేలకు వచ్చినది. నాటి నెల్లూరు జిల్లా మెట్టసీమలో వెన్నెముక బిగిసి, కీళ్లు వంగక, నడివయస్సుననే మంచము పట్టు జనముండిరి. షార్ట్, పండిట్, రాఘవాచారి అను మువ్వురు ఆ వ్యాధి బావినీటి ఫ్లోరైడు వలన వచ్చునదేయని వైద్యపత్రికలో ప్రకటించిరి. అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములు 1970లో ఒంగోలు కేంద్రముగా ఏర్పడిన జిల్లాలో చేరినవి. వ్యాధి మాత్రము జిల్లాల హద్దులు చూడలేదు. నల్లగొండ పేర ఒక శుద్ధిపద్ధతియే వెలసినది: పటిక, సున్నము కలిపి కలియబెట్టి, తేర్చి, ఫ్లోరైడును అడుగునకు దింపుట. 1970 తరువాతి దశకములో నాగపూరులోని జాతీయ పరిశోధన సంస్థవారు దానిని వ్యాప్తిలోనికి తెచ్చిరి.

ఇందులో ఒక మెలిక గలదు. పటికలో అల్యూమినియ మున్నది. అది నీటిలో కొంత మిగిలినచో ఫ్లోరైడును తనతో పట్టియుంచుకొని, రంగును బట్టి చేయు పరీక్షలో లెక్కను తక్కువచేసి చూపును. నీరు నిజముగా బాగుపడినదో, పరీక్ష మోసపోయినదో కాగితము చూచి చెప్పలేము. భారతీయ ప్రమాణము లీటరుకు 1 మిల్లీగ్రామును కోరదగినదిగాను, వేరు నీరు లేనిచో 1.5ను చివరి హద్దుగాను పెట్టినది. నడుమ నున్నది అర మిల్లీగ్రాము. కొలతలో మూడు నాలుగు పదియవ వంతుల పొరపాటు చాలును, ఊరి కుటుంబములు త్రాగు నీటి తీర్పు తారుమారగుటకు. 1966లో ఫ్రాంట్, రాస్ అనువారు ఫ్లోరైడును విద్యుత్తుతో గుర్తించు ఎలక్ట్రోడును కనుగొనిన పిమ్మట, తగిన ద్రావకము కలిపి అల్యూమినియపు పట్టును విడిపించి కొలుచుట సులువైనది.

ఇక హద్దును నిర్వచించిన వారి మాట. 1947లో జర్మనీలో కైజర్, పరికరపు చంచలత్వమును లెక్కగట్టి దానికి కొన్ని రెట్లు హెచ్చుగా నున్న సూచననే నమ్మవలెనని ప్రతిపాదించెను. ఒక్కొక్క శాస్త్రజ్ఞుడు ఒక్కొక్క రెట్టు పెట్టుకొనెను. 1968లో అమెరికా ప్రమాణముల కార్యాలయమునకు చెందిన లాయిడ్ కరీ, అప్పటివరకు పుస్తకములలోనున్న నిర్వచనముల నన్నిటిని ఒకే ఉదాహరణకు వర్తింపజేసి చూచెను. వచ్చిన హద్దులలో చిన్నదానికిని పెద్దదానికిని సుమారు వేయి రెట్ల వ్యత్యాస ముండెను. ఒకే నీటిని ఒకరు ‘ఉన్నది’, ఒకరు ‘కనబడలేదు’ అనవచ్చునన్నమాట, ఇద్దరును నిజాయితీపరులే.

కరీ చెప్పినది రేడియో గల యింటివారికి వేరుగా బోధింపనక్కరలేదు. రాత్రివేళ దూరపు స్టేషను కొరకు ముల్లు త్రిప్పుచుందుము. గరగర ధ్వని యెల్లప్పుడు నుండును. అందులో ఏదో స్వరము వినవచ్చినట్లు తోచును. అది నిజముగా స్టేషనో, గరగరయే అట్లు భ్రమింపజేసినదో చెప్పలేము. కొంచెము బలముగా నున్న స్టేషనైనచో ముల్లు అచ్చటికి వచ్చిన ప్రతిసారి దాదాపు తప్పక పట్టుబడును. ఇంకను బలమైన దైనపుడే వార్తలలో చెప్పిన ధరలు తప్పులేకుండ వ్రాసికొనగలము. నీటి పరీక్షలోను అంతే. ఏమియు కలుపని స్వచ్ఛజలమును పెట్టినను యంత్రపు ముల్లు కొంత కదలును, అది గరగర. ఎంత కదలినచో ‘ఉన్నది’ అనవలెనో తెలుపునది మొదటి గీత. పదార్థము ఎంత యున్నచో మన కంటబడక తప్పించుకొనదో తెలుపునది రెండవది. ఎంత యున్నచో అంకెను నమ్మవచ్చునో తెలుపునది మూడవది. ఒకటికంటె నొకటి పై మెట్టు.

మొదటి గీత వద్దనే ఒక చేదు నిజమున్నది. ఒక నీటిలో పదార్థము సరిగా ఆ గీత మోతాదులోనే యున్నదనుకొందము. ముల్లు ఒకమారు గీతకు పైన, ఒకమారు క్రింద ఆగును. అనగా నిజముగా ఉన్న పదార్థమును గూర్చి పదింట అయిదుమారులు ‘కనబడలేదు’ అనియే వ్రాయుదుము. లేనిదానిని ఉన్నదనుట ఒక తప్పు, ఉన్నదానిని లేదనుట మరియొక తప్పు. మొదటిదానికే జాగ్రత్తపడి రెండవదానిని మరచిన హద్దులు పూర్వము ఎన్నియో వాడుకలో నుండెను.

1984లో అమెరికా పర్యావరణ శాఖ మురుగునీటి పరీక్షలకు నియమము వ్రాసినపుడు ఈ మొదటి గీతవంటిదానినే చట్టములోనికి ఎక్కించెను. కొద్ది మోతాదు కలిపిన నీటిని కనీసము ఏడుమారులు పరీక్షింపవలెను. ఏడు ఫలితములైనచో వాని ఎగుడుదిగుడుల లెక్కను 3.143 చేత హెచ్చవేయగా వచ్చినది హద్దు. నూటికి 99 పాళ్ల నమ్మకముతో అది సున్న కాదని చెప్పవచ్చును. శ్రద్ధగల ఒకే మనిషి, ఒకే దినమున, ఒకే యంత్రముపై ఏడుమారులు చేసినచో హద్దు చాల చిన్నదిగా వచ్చును. అది ప్రయోగశాలకు ప్రతిష్ఠ. ఏడాది పొడుగున జరుగు పని అంత ముచ్చటగా నుండదు. 2017లో నియమమును సవరించి, ఏమియు కలుపని నీటి ఫలితములను కూడ లెక్కలో చేర్చవలెననియు, పరీక్షలను వేర్వేరు దినములకు పంచవలెననియు చెప్పిరి. ముప్పదిమూడేండ్లు ఆలస్యమైనదనియే మా అభిప్రాయము.

హద్దు ఎంత సన్నగా గీచినను వెదకనిదానికి అది పనికిరాదు. బంగ్లాదేశములో చెరువునీటి క్రిములనుండి ప్రజలను కాపాడుటకై 1970 మొదలు లక్షలాది గొట్టపుబావులు వేసిరి. 1983 నాటికే పశ్చిమ బెంగాలులో సాహా అను చర్మవైద్యుడు గొట్టపుబావి నీటిలోని పాషాణము, అనగా ఆర్సెనిక్, వలన వచ్చు మచ్చలను గుర్తించి యుండెను. 1992లో బ్రిటిషు భూగర్భ పరిశోధకులు బంగ్లాదేశములో కొన్ని బావుల నీటిని పలు పదార్థములకు పరీక్షించిరి. ఆ జాబితాలో పాషాణము లేదు. మరుసటి యేడు అది బయటపడినది. ఆ పరిశోధకులపై వేసిన దావాను 2006లో బ్రిటను ఉన్నత న్యాయసభ త్రోసిపుచ్చెను.

అప్పటికి ఊరూర పరీక్షలు జరిగియుండెను. నీటిలోని పాషాణమును వాయువుగా మార్చి, మందు పూసిన కాగితముపైకి పంపగా పసుపునుండి గోధుమరంగు వరకు మచ్చ పడును. మరల కన్నే కొలబద్ద. సుమారు 50 లక్షల పంపులను ఇట్లు పరీక్షించి, లీటరుకు 50 మైక్రోగ్రాములు దాటినవానికి ఎఱుపు, తక్కినవానికి ఆకుపచ్చ రంగు వేసిరి. ఎఱుపు పడినవి 14 లక్షలకు పైబడినవి. 300 ఉన్న నీటిని ఎవరైనను గుర్తింతురు. 40కిని 60కిని నడుమ మచ్చలు ఇంచుమించు ఒక్కటిగా నుండుటచే రంగులు తారుమారైన పంపులును గలవు.

ఆ 50 అను అంకెకును చరిత్ర గలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1958లో లీటరుకు 200 మైక్రోగ్రాములను, 1963లో 50ని, 1993లో 10ని హద్దుగా పెట్టెను. చివరిదానిని తాత్కాలికమని ప్రత్యేకించి పేర్కొనెను. పది వద్ద ముప్పు తీరిపోవునని ఆ సంస్థ చెప్పలేదు. ఒకటి మొదలు పది మైక్రోగ్రాముల లోపు పాషాణమును నమ్మకముగా కొలుచుట సామాన్య ప్రయోగశాలలకు కష్టమనియు, నీటినుండి దానిని అంతకంటె తగ్గించుటయు కష్టమనియు కారణము చూపెను. కరీ చెప్పిన మూడవ గీత వచ్చి ఆరోగ్యపు హద్దుపైననే కూర్చున్నదన్నమాట. బంగ్లాదేశములోని పంపులకు రంగులు పాత అంకెను బట్టి వేసినవి. లీటరుకు ఇరువది మైక్రోగ్రాములున్న నీరు జెనీవా లెక్కలో హద్దుకు రెట్టింపు. పంపుపై దాని రంగు ఆకుపచ్చ.